బస్సులో మోయగలిగే చిన్న టెలిస్కోపా, డాబా మీద నిలిపే పెద్దదా? ఆస్ట్రోఫోటోగ్రఫీకి సలహా కావాలి

ప్రశ్న
రాసినవారు: ఆకాశయాత్రి, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉంటున్నాను. ఇంతవరకు కెనాన్ 200డి కెమెరాను మామూలు ట్రైపాడ్ మీద పెట్టి పాలపుంతను, కృత్తికలను, చంద్రగ్రహణాలను తీస్తూ వచ్చాను. కదలని ట్రైపాడ్ మీద చుక్కలు గీతలు పడకుండా తీయగలిగేది కొద్ది సెకండ్లే కాబట్టి, భూభ్రమణానికి అనుగుణంగా తిరిగే ఈక్వటోరియల్ మౌంట్‌ను, దాని మీదికి ఒక టెలిస్కోపును కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాను.

నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది 80 మి.మీ. ఈడీ రిఫ్రాక్టర్ (ప్రత్యేక గాజు కటకాలతో చేసిన టెలిస్కోపు), ఎఫ్/6, అంటే వ్యాసానికి 6 రెట్లు, 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్, దానికి తగిన తేలికపాటి మౌంట్. రెండోది 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ (అద్దాలతో పనిచేసే పొట్టి గొట్టం), ఎఫ్/10, అంటే 2032 మి.మీ., దాన్ని మోయగల బరువైన మౌంట్. ఉన్న డబ్బుతో రెండింటిలో ఒకటే కొనగలను, మళ్లీ కొన్నేళ్ల వరకు మరొకటి కొనే పరిస్థితి లేదు.

నా పరిస్థితులు కూడా చెప్పాలి. నాకు కారు లేదు. మా సొంత ఊరు నంద్యాల జిల్లాలో కోయిలకుంట్ల దగ్గర ఉంది. పండగలకు, సెలవులకు ఆర్టీసీ బస్సులో వెళ్లి వస్తుంటాను. అక్కడ మా నాన్నగారి ఇంటికి డాబా ఉంది, చుట్టూ పొలాలే, అమావాస్య రోజుల్లో పాలపుంత కంటికి చక్కగా కనిపిస్తుంది. ఇక్కడ హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ డాబా మీదికి వెళ్లడానికి అసోసియేషన్ వారు అనుమతి ఇచ్చారు గానీ, చుట్టూ ఉన్న వీధి దీపాల వెలుగులో కళ్లకు లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే కనిపిస్తాయి.

ఆండ్రోమెడా గెలాక్సీ, ఒరాయన్ నీహారిక, రోజెట్ నీహారిక వంటివి తీయాలన్నది నా మొదటి కోరిక. గురుగ్రహం మీది పట్టీలు, శని వలయాలు కూడా తీయాలని ఉంది. నా మిత్రులు కొందరు టెలిస్కోపు విషయంలో అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే ముఖం వ్యాసం) ఎంత పెద్దదైతే అంత మంచిదని, చిన్నది కొంటే ఏడాదిలో విసుగు పుడుతుందని గట్టిగా చెబుతున్నారు. ఫోటోగ్రఫీకి కూడా ఆ మాట వర్తిస్తుందా? అనుభవజ్ఞులు దయచేసి కారణాలతో సహా వివరించగలరు.

జవాబు 1
రాసినవారు: తారాదర్శి, అనంతపురం

ఆకాశయాత్రి గారికి నమస్కారం. మీ మిత్రులు చెప్పిన మాట కంటితో చూసేవారి విషయంలో అక్షరాలా నిజం. ఫోటోకు వచ్చేసరికి అపర్చర్‌తో పాటు ఆకాశం ఎంత చీకటిగా ఉంది, మౌంట్ ఎంత నిలకడగా తిరుగుతుంది, మీరు తీయదలచినది ఆకాశంలో ఎంత మేర పరచుకుని ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. మీ విషయంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆకాశపు చీకటి, ఎందుకంటే మీకు ఒక చీకటి ఊరు, ఒక వెలుతురు నగరం రెండూ ఉన్నాయి.

8 అంగుళాల గొట్టం వ్యాసం 203 మి.మీ. మధ్యలో ఉండే చిన్న అద్దం అడ్డుకునే భాగాన్ని తీసేసినా, అది 80 మి.మీ. కటకం కంటే దాదాపు 6 రెట్ల కాంతిని పోగు చేస్తుంది. ఇక ఆకాశం సంగతి చూడండి. పెద్ద నగరంలో ఆకాశపు నేపథ్య కాంతి చదరపు ఆర్క్‌సెకండ్‌కు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) 18 మాగ్నిట్యూడ్ పరిసరాల్లో ఉంటుంది, ఈ అంకె పెరిగే కొద్దీ చీకటి ఎక్కువ. పాలపుంత స్పష్టంగా కనిపించే పల్లెలో అది 21 దాటుతుంది. మాగ్నిట్యూడ్ లెక్కలో 5 మెట్లంటే సరిగ్గా 100 రెట్లు కాబట్టి, 3 మెట్లంటే దాదాపు 16 రెట్లు. నీహారిక నుంచి వచ్చే కాంతి రెండు చోట్లా ఒకటే అయినా నగరంలో దాని మీద 16 రెట్లు ఎక్కువ వెలుతురు వచ్చి పడుతుంది. ఆ వెలుతురు తెచ్చే నాయిస్‌ను అణచి, పల్లెలో వచ్చినంత శుభ్రమైన ఫోటోను రాబట్టాలంటే మొత్తం ఎక్స్‌పోజర్ సమయాన్ని కూడా దాదాపు 16 రెట్లు పెంచవలసి ఉంటుంది. అంటే పెద్ద గొట్టం మీకు 6 రెట్ల లాభం ఇస్తుంటే, మీ ఊరి చీకటి 16 రెట్ల లాభం ఇస్తోంది. కోయిలకుంట్లలో 80 మి.మీ. రిఫ్రాక్టర్‌తో ఒక గంటలో వచ్చే ఆండ్రోమెడా కోసం కూకట్‌పల్లిలో 8 అంగుళాలతో రెండున్నర గంటలకు పైగా కూర్చోవాలి, పైగా ఆ గెలాక్సీ అంతా ఆ గొట్టంలో పట్టనే పట్టదు.

పట్టదని ఎందుకన్నానో చెబుతాను. మీ కెమెరా సెన్సర్ 22.3 మి.మీ. వెడల్పు, 14.9 మి.మీ. ఎత్తు ఉంటుంది. 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ దగ్గర అది ఆకాశంలో సుమారు 2.7 డిగ్రీల వెడల్పు, 1.8 డిగ్రీల ఎత్తు గల భాగాన్ని చూస్తుంది. 2032 మి.మీ. దగ్గర చూసేది సుమారు 38 ఆర్క్‌నిమిషాలు, 25 ఆర్క్‌నిమిషాలు మాత్రమే (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్‌నిమిషం), అంటే నిండు చంద్రుడు కూడా పూర్తిగా ఇమడడు. ఆండ్రోమెడా పొడవు సుమారు 3 డిగ్రీలు, ఒరాయన్ నీహారిక ఒక డిగ్రీకి పైన, రోజెట్ ఇంకొంచెం పెద్దది. మీరు మొదటి కోరికగా రాసిన మూడూ విశాలమైనవే. 0.63 రెడ్యూసర్ బిగించి ఆ పెద్ద గొట్టాన్ని 1280 మి.మీ.కి తగ్గించినా ఒక డిగ్రీ వెడల్పే వస్తుంది.

దీనికి రెండో ముఖం కూడా ఉంది కాబట్టి అదీ చెప్పాలి. లైరా మండలంలోని ఉంగరపు నీహారిక, ఎం 57, ఆకాశంలో ఒకటిన్నర ఆర్క్‌నిమిషం కూడా ఉండదు. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206 తో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక పిక్సెల్ ఎన్ని ఆర్క్‌సెకండ్లు చూస్తుందో తెలుస్తుంది. మీ కెమెరా పిక్సెల్ 3.7 మైక్రాన్లు. 480 మి.మీ. దగ్గర ఒక పిక్సెల్‌కు 1.6 ఆర్క్‌సెకండ్లు వస్తుంది, ఎం 57 మొత్తం 50 పిక్సెళ్ల చిల్లరలో ముగిసిపోతుంది. అంత చిన్న నీహారికలు, దూరపు గెలాక్సీలు, గోళాకార నక్షత్ర గుచ్ఛాల నడిభాగాలు కావాలనుకునేవారికి పొడవైన ఫోకల్ లెంగ్త్ తప్పదు. కానీ 2032 మి.మీ. దగ్గర ఒక పిక్సెల్ 0.38 ఆర్క్‌సెకండ్లకు దిగుతుంది. మన మీదున్న గాలి కదలికల వల్ల సుదీర్ఘ ఎక్స్‌పోజర్‌లో ఒక చుక్క మామూలుగా 2 నుంచి 3 ఆర్క్‌సెకండ్ల వెడల్పున పరచుకుంటుంది. అంటే ఒక్కో చుక్క ఆరేడు పిక్సెళ్ల వెడల్పు బొట్టుగా వస్తుంది, పిక్సెళ్లు ఎక్కువైనంత మాత్రాన వివరం ఎక్కువ కాదు. నాలుగు పిక్సెళ్లను (అడ్డంగా రెండు, నిలువుగా రెండు) ఒకటిగా కలిపి 0.76 దగ్గర వాడుకోవడం తెలివైన పని.

ఎఫ్ నిష్పత్తి గురించి చర్చల్లో చాలా గందరగోళం కనిపిస్తుంది. ఎఫ్/6 కంటే ఎఫ్/10 దగ్గర ఒక్కో పిక్సెల్ మీద పడే కాంతి 2.8 రెట్లు తక్కువ, అందువల్ల ఒక్కో ఫ్రేమ్ వెలవెలబోతూ కనిపిస్తుంది. అయితే అదే వస్తువు నుంచి వచ్చే మొత్తం కాంతి పెద్ద గొట్టంలోనే ఎక్కువ. అది ఎక్కువ పిక్సెళ్ల మీద పంచుకుని పడుతోంది, అంతే. పిక్సెళ్లను కలిపితే ఆ లాభం తిరిగి చేతికి వస్తుంది. కాబట్టి ఎఫ్/10 నెమ్మది అన్న ఒక్క కారణంతో పెద్ద గొట్టాన్ని తోసిపుచ్చకండి. తోసిపుచ్చడానికి అసలు కారణం మౌంట్.

మౌంట్ గురించి నేను ఎవరికైనా ఒకటే చెబుతాను. డబ్బులో సగం దానికి కేటాయించిన తర్వాతే గొట్టం సంగతి ఆలోచించాలి. తయారీదారు చెప్పే మోత సామర్థ్యం కంటితో చూసేవారిని దృష్టిలో పెట్టుకుని చెప్పినది, ఫోటోకు అందులో సగమే లెక్కలోకి తీసుకోవడం అనుభవజ్ఞుల ఆనవాయితీ. 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ గొట్టం ఒక్కటే 6 కిలోల పరిసరాల్లో ఉంటుంది. కెమెరా, గైడింగ్ సామగ్రి (ఒక చుక్కను గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దేది), పట్టాలు కలిపితే 8 కిలోలవుతుంది. దానికి హెచ్‌ఈక్యూ5 తరగతి మౌంట్ కనీస అవసరం, ఈక్యూ6 అయితే నిశ్చింత. హెచ్‌ఈక్యూ5 తల సుమారు 10 కిలోలు, ఈక్యూ6-ఆర్ తల 17 కిలోలకు పైనే ఉంటుంది. ఇవి కాక స్టీలు ట్రైపాడ్, ఒక్కొక్కటి 5 కిలోల ఎదురు బరువులు, బ్యాటరీ ఉంటాయి. వీటన్నిటినీ రాత్రి బస్సు డిక్కీలో వేసి, తెల్లవారుజామున కోయిలకుంట్ల బస్టాండులో దించుకుని, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అలా ఒకసారి చేసినవారు రెండోసారి ఇంట్లో వదిలేసి వెళ్తారు.

ఇంతకీ పెద్ద దూరదర్శినుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బేగంపేటలోని నిజామియా వేధశాలలో 15 అంగుళాల గ్రబ్ రిఫ్రాక్టర్ ఉండేది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని స్థాపించినప్పుడు నగరంలో కాక, సుమారు 50 కిలోమీటర్ల దూరాన జపాల్-రంగాపూర్‌లో స్థాపించింది. పెద్దదాన్ని ఎవరూ మోసుకు తిరగరు, చీకటి ఉన్న చోట ఒకసారి నాటుతారు. మీకు అలా నాటే వీలు ఉన్నదీ లేనిదీ మీరే చెప్పాలి. నాటలేనంత కాలం మోయగలిగినదే కొనండి. నా సలహా అడిగితే 80 మి.మీ. కంటే కూడా కొంచెం దిగి, 60 మి.మీ. తరగతి ఈడీ రిఫ్రాక్టర్, 360 మి.మీ. ఫోకల్ లెంగ్త్ గలది, చూడమంటాను. దాని గొట్టం బరువు ఒకటిన్నర కిలోల దగ్గర ఉంటుంది. 5 కిలోలు మోసే స్టార్ అడ్వెంచరర్ జీటీఐ వంటి చిన్న మౌంట్ మీద, సగం లెక్క వేసుకున్నా, కెమెరాతో సహా దాదాపు సరిపోతుంది. 80 మి.మీ. గొట్టం అదే మౌంట్ మీద అంచున ఊగిసలాడుతుంది. ఫీల్డ్ ఫ్లాటెనర్ తప్పకుండా కొనండి, అది లేకపోతే సెన్సర్ మూలల్లో చుక్కలు సాగిపోతాయి.

జవాబు 2
రాసినవారు: డాబామీదిచుక్కలు, విజయవాడ

తారాదర్శి గారు చెప్పిన 16 రెట్ల లెక్క నీహారికలకు, గెలాక్సీలకు నూటికి నూరు పాళ్లు సరైనది. అయితే ఆకాశయాత్రి గారు గురువును, శనిని కూడా అడిగారు. ఆ సగానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి పెద్ద గొట్టం తరఫున నేను మాట్లాడతాను.

గ్రహాలకు నగరపు వెలుతురు అడ్డం కాదు. గురుగ్రహం ఎంత ప్రకాశవంతమైనదంటే కూకట్‌పల్లి ఆకాశం దానికి ఏ నష్టమూ చేయలేదు. అక్కడ కావలసింది దగ్గరి వివరాలను విడదీసి చూపే విభేదన శక్తి, అది అపర్చర్‌ను బట్టే వస్తుంది. 116 ను మిల్లీమీటర్లలోని వ్యాసంతో భాగిస్తే వచ్చే డాస్ పరిమితి, అంటే విడిగా చూపగల అతి చిన్న ఎడం, 80 మి.మీ.కి సుమారు 1.45 ఆర్క్‌సెకండ్లు, 203 మి.మీ.కి 0.57. గురుగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 45 నుంచి 50 ఆర్క్‌సెకండ్లు ఉంటుంది. 480 మి.మీ. దగ్గర మీ కెమెరాలో అది 30 పిక్సెళ్ల చిన్న చుక్క, పట్టీలు రెండు లీలగా కనిపిస్తే అదే గొప్ప. పెద్ద గొట్టంతో, ఒక చిన్న గ్రహాల కెమెరాతో పెద్ద ఎర్ర మచ్చ, పట్టీల అంచుల్లోని మెలికలు, శని వలయాల మధ్య కాసినీ ఖాళీ బయటపడతాయి. రిఫ్రాక్టర్‌కు ఎంత బార్లో లెన్సు తగిలించినా పెద్దది అవుతుందే గానీ వివరం పెరగదు.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక వరం ఉంది. యూరప్‌లో ఉన్నవారికి గ్రహాలు చాలా ఏళ్లపాటు దిగంతానికి దగ్గరగా, దట్టమైన గాలి పొరల వెనుక నుంచి కనిపిస్తాయి. మనం 13 నుంచి 19 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాం కాబట్టి గ్రహాలు నడిచే దారి మన నడినెత్తికి దగ్గరగా సాగుతుంది. గురువు మిథున నక్షత్ర మండలంలో ఉన్నప్పుడు హైదరాబాద్ నుంచి చూస్తే 80 డిగ్రీల కంటే పైకి ఎక్కుతాడు. గ్రహం ధనుస్సు మండలంలో, అంటే బాగా దక్షిణాన, ఉన్న ఏడాది కూడా మనకు 50 డిగ్రీల ఎత్తు దొరుకుతుంది. నడినెత్తిన ఉన్న గ్రహం కాంతి అతి తక్కువ గాలి గుండా వస్తుంది. ఇంత మంచి అవకాశం ఉండి కూడా మన వాళ్లు గ్రహాల ఫోటోలను పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

గ్రహాల ఫోటోకు మౌంట్ కూడా అంత ఖచ్చితంగా ఉండనక్కర్లేదు. ఒక్కో ఫ్రేమ్ కొన్ని మిల్లీసెకండ్లే కాబట్టి, కొన్ని నిమిషాల వీడియో తీసి, వేల ఫ్రేముల్లో గాలి నిలకడగా ఉన్న క్షణాలవి మాత్రం ఆటోస్టాకర్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏరి పేర్చుకుంటాం. గ్రహం తెర మీద కొంచెం అటూ ఇటూ కదిలినా నష్టం లేదు. ఎఫ్ నిష్పత్తి పిక్సెల్ సైజుకు సుమారు 5 రెట్లు ఉండేలా చూసుకోండి. 2.9 మైక్రాన్ల పిక్సెల్‌కు ఎఫ్/14.5 అన్నమాట.

డాబా మీద రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. పగలంతా ఎండకు కాలిన కాంక్రీటు స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ సెగకు గ్రహం నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. అందుకని సాయంత్రం కంటే తెల్లవారుజాము మేలు. గొట్టాన్ని ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే పెట్టకుండా, గంట ముందే బయట ఉంచి లోపలి గాలిని చల్లారనివ్వండి. రెండోది మంచు. ష్మిట్-కాసెగ్రెయిన్ ముందుభాగంలో ఉండే కరెక్టర్ గాజు ఆకాశానికి నేరుగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి, మా కృష్ణా తీరంలో శీతాకాలపు రాత్రి రెండు మూడు గంటలకే దాని మీద మంచు పేరుకుని, చుక్కలన్నిటి చుట్టూ పొగచూరినట్టు వలయం వస్తుంది. డ్యూ షీల్డు, హీటర్ పట్టీ రెండూ ఉండాలి. తుడవడానికి గుడ్డ పెట్టకండి, హీటర్‌తోనే ఆరనివ్వండి. తేమ ఉన్న ఊళ్లలో సిలికా జెల్ వేసిన గట్టి పెట్టెలో దాచకపోతే లోపల బూజు పడుతుంది, ఒకసారి పూత మీద పాకితే ఆ మచ్చ పోదు.

కాబట్టి నీహారికల కోసం చిన్నది కొనుక్కోండి, కాదనను. కానీ అది కొంటే గ్రహాల కోరికను ప్రస్తుతానికి పక్కన పెట్టినట్టేనని తెలిసి కొనండి. ఏడాదిలో ఎక్కువ రాత్రులు గడిపేది కూకట్‌పల్లి డాబా మీదే అయితే, రోజూ వాడుకోగలిగే గొట్టం పెద్దదే అవుతుందన్న సంగతి కూడా ఆలోచించుకోండి.

జవాబు 3
రాసినవారు: ధ్రువరేఖ, డాలస్

రెండు జవాబులూ బాగున్నాయి. ఒక చిన్న మాట చేర్చాలనుకుంటున్నాను. ఇక్కడ మా పెరట్లో బరువైన మౌంట్‌ను చక్రాల పలక మీద పెట్టుకుని గ్యారేజీలోంచి బయటికి తోసుకునే వీలుంది, అందుకే ఇక్కడి వారు పెద్ద గొట్టాలను తేలికగా సిఫారసు చేస్తారు. లిఫ్టు, మెట్లు, బస్సు ఉన్న జీవితానికి ఆ సలహాలను యథాతథంగా తీసుకోకూడదు.

సీస్టార్ ఎస్50 వంటి స్మార్ట్ టెలిస్కోపుల గురించి ఎవరూ చెప్పలేదు. 50 మి.మీ. కటకం, 250 మి.మీ. ఫోకల్ లెంగ్త్, కెమెరా, మౌంట్ అన్నీ మూడు కిలోల లోపు ఒకే డబ్బాలో వస్తాయి. ఫోన్‌లో ఆండ్రోమెడా అని నొక్కితే అదే వెతుక్కుని, పది సెకండ్ల ఫ్రేములు తీసుకుని, తానే పేర్చి చూపిస్తుంది. దీని చట్రం నిలువునా సుమారు 1.3 డిగ్రీలే కాబట్టి ఆండ్రోమెడా మొత్తం ఒక్క ఫ్రేములో పట్టదు, గ్రహాలకూ పనికిరాదు. ఫోటో తీయడంలోని పనితనం నేర్చుకోవాలనుకునే మీలాంటి వారికి ఇది తొందరగా చాలదనిపించవచ్చు. కానీ ఊళ్లో మీ నాన్నగారికి, పక్కింటి పిల్లలకు పది నిమిషాల్లో ఒరాయన్ నీహారికను చూపించాలంటే ఇంతకన్నా సులువైనది ఇప్పుడు లేదు.

ఎవరైనా బంధువుల ద్వారా విదేశాల నుంచి సామగ్రి తెప్పించుకుంటే, లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే పెట్టమని చెప్పండి. 100 వాట్-అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు, 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన ఒప్పుకోరు. టెలిస్కోపు కోసం వాడే పెద్ద బ్యాటరీలు చాలావరకు ఆ హద్దు దాటేవే కాబట్టి వాటిని భారతదేశంలోనే కొనుక్కోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: ఆకాశయాత్రి, హైదరాబాద్

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. అపర్చర్ లాభాన్ని, చీకటి లాభాన్ని ఒకే తక్కెడలో పెట్టి చూడవచ్చన్న ఆలోచన నాకు ఇంతవరకు తట్టలేదు. నా మొదటి కోరిక నీహారికలే కాబట్టి, 60 మి.మీ. రిఫ్రాక్టర్, చిన్న మౌంట్ వైపే మొగ్గుతున్నాను. అది ఒక భుజం సంచిలో, ఒక చేతి సంచిలో సరిపోతుందని అనుకుంటున్నాను. గ్రహాల కోసం పెద్ద గొట్టం తర్వాతి మాట.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, మా ఊళ్లో డాబాకు ఉత్తరం వైపు పెద్ద వేపచెట్టు ఉంది, ధ్రువ నక్షత్రం దాని కొమ్మల వెనక పడుతుంది. హైదరాబాద్‌లో అయితే ఎదుటి భవనం పూర్తిగా కప్పేస్తుంది. ధ్రువ నక్షత్రం కనిపించకుండా మౌంట్‌ను సరిగా తిప్పి నిలపడం సాధ్యమేనా? రెండోది, ఎప్పటికైనా పెద్దది కొన్నప్పుడు దాన్ని ఊళ్లోనే ఉంచేయవచ్చా? మా నాన్నగారికి అభ్యంతరం లేదు.

జవాబు 4
రాసినవారు: తారాదర్శి, అనంతపురం

మొదటి సందేహం మనందరిదీ. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఎంత ఎత్తున ఉంటుందన్నది ఆ ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో 17 డిగ్రీలు, మీ ఊళ్లో 15 డిగ్రీలకు కొంచెం పైన. అంత కింద ఉన్నప్పుడు చెట్టో, ఇల్లో, దుమ్మో ఏదో ఒకటి అడ్డు తగలడం మామూలే. నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడు బిందువుల పద్ధతి ఒకటి ఉంది. అది ఆకాశంలో కనిపించే ఏ భాగంలోనైనా మూడు చోట్ల ఫోటో తీసి, ఆ ఫోటోల్లోని చుక్కలను పటంతో పోల్చి, మౌంట్ అక్షం అసలు ధ్రువానికి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టి, ఏ మరను ఎటు తిప్పాలో చూపిస్తుంది. ధ్రువ నక్షత్రం కంటికి కనిపించనవసరమే లేదు. దీనికి ఒక ల్యాప్‌టాప్, కెమెరాకు కేబులు ఉంటే చాలు. కొనే ముందు మౌంట్, మీ కెమెరా రెండూ ల్యాప్‌టాప్‌తో మాట్లాడగలవో లేదో నిర్ధారించుకోండి.

తక్కువ అక్షాంశం వల్ల వచ్చే ఇంకో చిక్కు ఉంది, కొనేటప్పుడు ఎవరూ చెప్పనిది. అక్షాన్ని 15 డిగ్రీలకు దించినప్పుడు ఎదురు బరువు ఉన్న కడ్డీ దాదాపు నిట్టనిలువుగా కిందికి వేలాడి, కొన్ని మౌంట్లలో ట్రైపాడ్ కాలికి తగులుతుంది. రాత్రి మధ్యలో మౌంట్ తిరుగుతూ తిరుగుతూ వెళ్లి కాలికి ఆనుకుంటే మోటారు మొరాయిస్తుంది, ఆ తర్వాతి ఫ్రేములన్నీ గీతలే. ట్రైపాడ్‌కు, మౌంట్‌కు మధ్య ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ గొట్టం వేస్తే ఈ బాధ తప్పుతుంది. ఆ మౌంట్ ఎన్ని డిగ్రీల దాకా దిగుతుందో కూడా పెట్టె మీదో పత్రంలోనో చూసుకోండి. ఎత్తైన అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి కొన్ని 15 దగ్గర ఇబ్బంది పెడతాయి.

అదే తక్కువ అక్షాంశం మీకు దక్షిణాన ఇచ్చేది కూడా చూడండి. ఏప్రిల్, మే నెలల రాత్రుల్లో మీ డాబా మీద నుంచి ఒమెగా సెంటారీ గుచ్ఛం 27 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది. కెరీనా నీహారిక 15 డిగ్రీల దాకా వస్తుంది. అది రెండు డిగ్రీల విశాలమైనది, మీ 360 మి.మీ. చట్రానికి సరిగ్గా తగినది. లండన్‌లో ఉన్నవారు ఈ రెండింటినీ సొంత ఊరి నుంచి ఎన్నటికీ తీయలేరు. దక్షిణం వైపు చెట్లు లేకపోతే వేపచెట్టు గురించి మీరు దిగులు పడవలసిన పని లేదు.

రెండో సందేహానికి వస్తే, ఊళ్లో ఉంచడమే సరైన పద్ధతి. డాబా మీద కాకుండా పెరట్లో నేల మీద, కనీసం రెండడుగుల లోతు గుంత తీసి, కాంక్రీటు దిమ్మె కట్టి, పైన మౌంట్‌కు సరిపోయే పలకను బోల్టులతో బిగించాలి. డాబా మీద కడితే మెట్ల మీద ఎవరైనా నడిచిన అదురు కూడా చుక్కల మీద కనిపిస్తుంది. పెరటి దిమ్మెకు ఇంటి నేలకు మధ్య చిన్న ఖాళీ ఉంచితే ఆ అదురు కూడా పాకదు. దిమ్మె ఒకసారి ఉత్తరానికి సరిపెట్టి ఉంటే, వెళ్లిన ప్రతిసారీ సరిచూసుకునే పని నిమిషాలకు తగ్గుతుంది. గొట్టాన్ని, మౌంట్ తలను మాత్రం ఇంట్లో పొడి చోట, విజయవాడ వారు చెప్పినట్టు సిలికా జెల్‌తో, దాచండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల కాలం, ఆ నాలుగు నెలలు పెట్టె తెరిచే పని పెద్దగా ఉండదు కాబట్టి జెల్‌ను మధ్యలో ఒకసారి వేడి చేసి ఆరబెట్టమని నాన్నగారికి చెప్పి ఉంచండి. దిమ్మె మాత్రం ఈ వానలు వెలిసిన వెంటనే కట్టించేయవచ్చు, 60 మి.మీ. గొట్టానికి కూడా అది ట్రైపాడ్ కంటే నిలకడైన ఆధారమే. ముందుగా దిమ్మె కొలతలు, బోల్టుల దూరం కావాలంటే మౌంట్ కొన్న తర్వాత దాని పేరు ఇక్కడ రాయండి, పలక గీత గీసి పంపిస్తాను.